ఎవరి పాత రోజులు?



పోయిన ఆదివారం సంక్షేమ హాస్టళ్ల గురించి రాశాక, "మేడం, ఎప్పుడూ బాధలేనా, ఈసారి కొంచెం హాయిగా ఉండేది రాయండి" అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి మరీ అడిగారు. సరే. ఈ వారం బొమ్మల గురించి, పాత పాటల గురించి, హైదరాబాద్ రాత్రుల గురించి రాస్తున్నా. హాయిగా ఉందో లేదో చివరిదాకా చదివి మీరే చెప్పండి.

ముందు ఒక మాట సంగతి చూద్దాం. అండర్ గ్రౌండ్.

నా చిన్నప్పుడు మా ఊళ్లో బడికి పోనివాళ్లకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాటల్లో ఇదొకటి. ఫలానా వాళ్ల పిల్లగాడు అండర్ గ్రౌండ్ లో ఉన్నాడు అంటే అడవిలో ఉన్నాడని. ఆ మాట వచ్చినప్పుడు మా అమ్మ గొంతు తగ్గించేది. చదువుకోడానికి పట్నం వచ్చాక రెండో అర్థం తెలిసింది, అండర్ గ్రౌండ్ డ్రైనేజీ. మ్యాన్ హోల్ లోకి దిగే మనిషిది ఏ వాడో ఈ నగరంలో ఎవర్నీ అడగక్కర్లేదు. మనుషులతో ఆ పని చేయించకూడదని 2013లో చట్టం వచ్చింది. దిగి చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. పెంచాల్సి వచ్చిందంటే, చట్టం వచ్చి పదేళ్లయినా చావులు ఆగలేదనే కదా.

మూడో అర్థం ఈ మధ్యే తెలిసింది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ లో ఒకప్పుడు కార్లు పెట్టుకున్న సెల్లార్లకు తెల్ల రంగు వేసి, పైనుంచి సన్నటి లైట్లు కొట్టి, బొమ్మలు పెడుతున్నారు. అదీ అండర్ గ్రౌండే. శనివారం సాయంత్రం ఏడింటికి ఓపెనింగ్. చేతిలో గ్లాసులు, మెల్లటి మాటలు. తొమ్మిదింటికి అక్కడ ముగించుకుని, పక్క వీధిలో రెట్రో థీమ్ బార్ కి పోతారు. అక్కడ ఎనభైల పాటలు, తొంభైల పాటలు. గోడల మీద పాత సినిమా పోస్టర్లు, కందిళ్లు, మర్ఫీ రేడియో, ఎడ్లబండి చక్రం.

ఇలాంటి ఒక శనివారం నేను వెళ్లాను. వెళ్లడానికి కారణం నా విద్యార్థి.

నేను ఇంటర్ కాలేజీలో చెప్పే రోజుల్లో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. వెనక బెంచీలో కూర్చుని నోట్ బుక్ చివరి పేజీల్లో నా బొమ్మే గీసేవాడు. తర్వాత మాసబ్ ట్యాంక్ లో ఫైన్ ఆర్ట్స్ చేశాడు. సూర్యాపేట దగ్గర పల్లె. మాదిగ పిల్లగాడు. వాళ్ల నాయిన చెప్పులు కుడతాడు. తాత మోట బొక్కెనలు కుట్టేవాడు.

ఈ తరం పిల్లల కోసం చెప్తాను. కరెంటు మోటార్లు, ఆయిల్ ఇంజన్లు రాకముందు బావిలోంచి నీళ్లు పొలానికి ఎక్కించింది మోట. ఎడ్లు లాగితే తోలు బొక్కెన నిండి పైకొచ్చేది, తోలు తొండంలోంచి నీళ్లు కాలవలో పడేవి. ఆ తోలును లందలో వేసి తంగేడు చెక్కతో ఊనిందీ, కోసిందీ, కుట్టిందీ మాదిగ చేతులే. ఆ నీళ్లతో పండిన వడ్లు ఊరంతా తిన్నది. ఆ బావిలో చేద వేసే హక్కు మాత్రం ఆ చేతులకు లేదు.

మావాడి ప్రదర్శన దీని గురించే. అసలైన తోలుతో కుట్టిన ఒక పెద్ద మోట బొక్కెన సెల్లార్ నడిమధ్యలో తాడుకు వేలాడుతుంది. చుట్టూ బొగ్గుతో గీసిన లందల బొమ్మలు. గోడ మీద పెట్టే రాతను తెలుగులో నన్ను రాయమన్నాడు. రాసిచ్చాను. 'ఇది మాదిగలు కుట్టిన తోలు' అని మొదలవుతుంది.

వారం రోజుల ముందు గ్యాలరీ వాళ్ల నుంచి మర్యాదగా ఒక మెయిల్ వచ్చింది. రాత చాలా బాగుందట. 'మాదిగ' అనే ఒక్క మాట బదులు 'చర్మకార సమాజం' అంటే బాగుంటుందట. కొనేవాళ్లు ఇబ్బంది పడతారట.

ఇబ్బంది ఎవరిది? ఆ మాటను తిట్టుగా వాడినన్నాళ్లు అన్నవాళ్లెవరూ ఇబ్బంది పడలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు మావాళ్లు చేసిన మొదటి పని, ఆ తిట్టును తీసుకుని తమ పేరు చివర పెట్టుకోవడం. రెడ్డి, చౌదరి, శర్మ, రావు ఉన్న చోట మాదిగ ఎందుకు ఉండకూడదని. ఆ మరుసటి ఏడాది 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చి తెలుగు కవిత్వంలో దళితుల గొంతును ఎవరూ పక్కకు నెట్టలేని చోట నిలబెట్టింది. నేను పీహెచ్ డీ చేసింది ఆ కాలపు కవిత్వం మీదే. ఆ మాట వెనక ఎంత నడక ఉందో నాకు తెలుసు. అయినా వాడికి ఫోన్ చేసి ఒకటే చెప్పాను: "రూమ్ కిరాయి కట్టేది నువ్వు, నిర్ణయం నీది. నా రాతలోంచి ఆ మాట తీస్తే కింద నా పేరు కూడా తీసెయ్." రెండు రోజులు ఆలోచించుకున్నాడు. మాట ఉంచాడు. గ్యాలరీ తెలుగులో ఒప్పుకుంది, ఇంగ్లీషు కార్డులో మాత్రం 'చర్మకార సమాజం' అనే వేసుకుంది. ఒకే గోడ మీద రెండు కార్డులు, రెండు పేర్లు.

ఓపెనింగ్ రోజు వాళ్ల నాయిన వచ్చాడు. ఎల్బీనగర్ లో బస్సు దిగి, మెట్రో ఎక్కి, అమీర్ పేటలో మారి, చెక్ పోస్ట్ దగ్గర దిగాడు. తెల్ల పంచె, తెల్ల అంగీ, కాళ్లకు సొంతంగా కుట్టుకున్న చెప్పులు. లోపలికి రాగానే బొమ్మలేవీ చూడలేదు. నేరుగా బొక్కెన దగ్గరికి పోయి, కింద కూర్చుని, కుట్టు మీద బొటనవేలు పెట్టి రాశాడు.

"గిదేంది బిడ్డా, కుట్టు గిట్లేసినవ్? దీంట్ల నీళ్లాగుతయా?"

"నీళ్లు పొయ్యం నాయినా, చూసేటందుకే."

"చూసేటందుకైతే మాత్రం? మోట అన్నంక నీళ్లాగాలె."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారేమో, ఒకాయన ఫొటోలు తీశాడు. నాకు మాత్రం ఆ రాత్రి ఆ సెల్లార్ లో విన్న ఒకే ఒక కళా విమర్శ అది. మిగతావాళ్లు బొక్కెన అర్థం గురించి మాట్లాడుతుంటే, ఆయన బొక్కెన గురించి మాట్లాడాడు.

తర్వాత క్యురేటర్ ప్రసంగం. జాన్ మిషెల్ బాస్కియా గురించి చెప్పారామె. న్యూయార్క్ గోడల మీద రాతలతో మొదలైన నల్లజాతి కుర్రాడు 1981-82లో సోహోలోని అనీనా నోసే గ్యాలరీ కింద సెల్లార్ లో బొమ్మలు వేశాడనీ, 27 ఏళ్లకే పోయాడనీ, 1982లో వేసిన ఒక బొమ్మ 2017 వేలంలో 11 కోట్ల డాలర్లు దాటిందనీ. అన్నీ నిజాలే. అయితే ఆమె చెప్పనిది ఒకటుంది. 1983 సెప్టెంబరులో మైఖేల్ స్టీవర్ట్ అనే 25 ఏళ్ల నల్ల కుర్రాణ్ని భూగర్భ రైలు స్టేషన్లో గోడ మీద రాస్తున్నాడని పోలీసులు పట్టుకున్నారు. వాళ్ల చేతుల్లో ఉండగానే కోమాలోకి పోయి, పదమూడు రోజులకు చనిపోయాడు. బాస్కియా ఆ చావును కీత్ హేరింగ్ స్టూడియో గోడ మీద బొమ్మగా వేశాడు. విచారణ ఎదుర్కొన్న పోలీసులందరినీ 1985లో నిర్దోషులని వదిలేశారు. అండర్ గ్రౌండ్ ఆర్ట్ అనే మాటలో ఆ స్టేషన్ కూడా ఉంది. వేలం ధర గుర్తుపెట్టుకుని స్టేషన్ మరచిపోతే ఆ మాటకు సెల్లార్ ఒక్కటే మిగులుతుంది.

ప్రసంగం అయిపోయింది. అందరూ రెట్రో బార్ కి బయల్దేరారు. మావాణ్ని ముందే కార్లో ఎక్కించుకుపోయారు. నేనూ, వాళ్ల నాయినా నడిచి వెళ్లాం. గుమ్మం దగ్గర నల్ల చొక్కా కుర్రాడు నన్ను పొమ్మన్నాడు. ఆయన కాళ్ల వైపు చూశాడు.

"సారీ అంకుల్, చెప్పులకు పర్మిషన్ లేదు. షూస్ ఉండాలి."

చాలా పబ్బుల్లో ఈ రూల్ ఉంటుంది. కొత్తదేమీ కాదు. ఆ కుర్రాడి తప్పు కూడా కాదు, ఎనిమిది గంటలు నిలబడి ఎవరో రాసిన రూలు చెప్పడం అతని ఉద్యోగం. ఆయన నన్ను చూసి నవ్వాడు.

"దొర గడీ ముందల గూడ గిదే ముచ్చట బిడ్డా. చెప్పులు చేతుల వట్టుకొని నడువుమనేటోళ్లు. గా చెప్పులు కుట్టింది గూడ మా నాయినే."

నేను మావాణ్ని పిలుచుకురావడానికి ఒక్కదాన్నే లోపలికి పోయాను. పది నిమిషాలున్నాను. చూసింది చూసినట్టు చెప్తాను. పాట బాగుంది. ఇళయరాజా పాట ఎక్కడ వినిపించినా నా కాలు ఊగుతుంది, దాచుకోను. పిల్లలు సంతోషంగా ఆడుతున్నారు. బల్లల మీద గోలీ సోడా సీసాలు. పక్క గోడ మీద కందిళ్ల మధ్య ఒక డప్పు మేకుకు వేలాడుతోంది. డప్పు తెలిసినవాళ్లకు తెలుసు, దాన్ని మంట దగ్గర కాచాలి. కాక తగిలితేనే తోలు బిగుస్తుంది, శబ్దం లేస్తుంది. ఏసీ కింద వేలాడే డప్పు మెత్తబడి మూగదై పోతుంది. దాని మీద ఎవరూ దెబ్బ వెయ్యరు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

తెర మీద డీజే సంవత్సరాలు వేస్తున్నాడు. 1985 అని పడగానే అందరూ కేక వేశారు. తర్వాత 1991. మళ్లీ కేక.

మిత్రులారా, నాకు 1985 అంటే కారంచేడు. జులై 17. మాదిగపల్లె తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడగొద్దని అడిగినందుకు, కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తినందుకు, ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. ఊరు ఊరంతా చీరాల పోయి శిబిరంలో ఉంది. దళిత మహాసభ అక్కడినుంచే పుట్టింది.

1991 అంటే చుండూరు. అదెక్కడ మొదలైందో రెట్రో అభిమానులు తప్పకుండా తెలుసుకోవాలి, సినిమా హాల్లో మొదలైంది. జులై మొదట్లో ఒక దళిత విద్యార్థి కాలు ఆధిపత్య కులం యువకుడికి తగిలింది. అంతే. అక్కడినుంచి కొట్టడం, సాంఘిక బహిష్కారం, చివరికి ఆగస్టు 6. ఎనిమిది మందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. గోడ మీద అందంగా ఫ్రేమ్ కట్టిన 'ఆదిత్య 369' పోస్టర్ చూశాను. టైమ్ మెషీన్ సినిమా. అది విడుదలైంది కూడా ఆ 1991 జులైలోనే. ఆ టైమ్ మెషీన్ లో వెనక్కి పోవాలని ఆ గదిలో అందరికీ ఉంది. బయట నిలబడ్డ మనిషిని అడిగితే, ఏ సంవత్సరంలో దిగమన్నా ముందు అక్కడ చెప్పులు వేసుకోనిస్తారో లేదో కనుక్కుంటాడు.

దీనర్థం ఆ పాటలు మావి కావని కాదు. మావీ. నేల టికెట్ మీద కూర్చుని ఈలలు వేసి ఆ సినిమాలను ఆడించిందీ మావాళ్లే. వివిధ భారతి మా వాడలోనూ మోగింది. మాకూ పాత రోజుల మీద మమకారం ఉంది. కానీ మా ఇళ్లల్లో పాత రోజులు తలచుకునేటప్పుడు పాట వెంటనే ఇంకోటి కూడా వస్తుంది. మా అమ్మ ఒక పాట వినగానే, ఆ సినిమాకు పోయిన రోజు హోటల్లో మావాళ్లకు విడిగా పెట్టిన గ్లాసు సంగతి కూడా చెప్తుంది. పాటనూ గ్లాసునూ ఆమె విడదీయలేదు. విడదీసుకోగలిగిన వాళ్లకే అది రెట్రో అవుతుంది.

రాత్రిపూట బొమ్మలు, పాట, జనం ఒకచోట చేరడం ఈ నగరం కనిపెట్టిందేమీ కాదు. మా మాదిగవాడకు డక్కలి వాళ్లు వచ్చేవారు. చేర్యాల నకాషీలు వేసిన బారెడు బారెడు పటం దీపం వెలుగులో విప్పి, జాంబ పురాణం చెప్పేవారు. లోకం పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడని, అంటే మేమే అందరికంటే పెద్దవాళ్లమని ఆ కథ. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి పాట, పాట వెనక కిన్నెర. తెల్లవార్లూ. అది మా గ్యాలరీ, అది మా నైట్ లైఫ్. చెప్పులున్నా లేకున్నా ఎవరినీ ఆపేవాళ్లు కాదు. ఇప్పుడు చేర్యాల బొమ్మలు చిన్న చిన్న ముక్కలుగా ఫ్రేముల్లో డ్రాయింగ్ రూముల్లోకి చేరాయి, కథ చెప్పేవాడు మాత్రం బయటే ఉన్నాడు. కిన్నెర మొగిలయ్య 'భీమ్లా నాయక్' పాటతో అందరికీ తెలిశాడు, 2022లో పద్మశ్రీ అందుకున్నాడు, 2024లో హైదరాబాద్ శివార్లలో కూలి పనిలో కనిపించాడు.

ప్రతి ఏడాదీ క్లాసులో 'గబ్బిలం' చెప్తాను. 1941లో జాషువా రాసిన ఆ కావ్యంలో అరుంధతీ సుతుడు తన గోడు శివుడికి చెప్పుకోవాలి. గుడిలోకి తనను రానివ్వరు. గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అందుకని గబ్బిలానికి చెప్పి పంపుతాడు. పిల్లలకు ఈ ఏడాది నుంచి ఇంకో ఉదాహరణ చెప్పగలను. తోలు బొక్కెన సెల్లార్ లోకి పోయింది, డప్పు బార్ గోడ ఎక్కింది. వాటిని చేసిన మనిషి రోడ్డు మీద నిలబడ్డాడు. 80 ఏళ్లు దాటాక కూడా మనం గబ్బిలాలనే లోపలికి పంపుతున్నాం.

మావాడు సంగతి వినగానే బయటికొచ్చేశాడు. ఆ రాత్రి పార్టీ వాడి కోసమే. ఎవరితోనూ గొడవ పడలేదు, చెప్పకుండా వచ్చేశాడు. ముగ్గురం ఆటో ఎక్కి ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్ తాగాం, ఉస్మానియా బిస్కెట్లు తిన్నాం. వాళ్ల నాయినకు బార్ సంగతి అప్పుడే గుర్తులేదు. "సోమవారం ఆరె, రంపె తెస్త. గా కుట్టు ఇప్పి మల్ల కుడ్త" అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. సోమవారం గ్యాలరీకి సెలవు. మధ్యాహ్నం దాకా కూర్చుని, కుట్టంతా విప్పి, తోలు వారుతో మళ్లీ కుట్టాడు. నాలుగు బకెట్ల నీళ్లు పోయించి చూపించాడు. ఒక్క చుక్క కారలేదు. క్యురేటర్ నిజంగానే ఆశ్చర్యపోయింది. నేలంతా తడవదు కదా అని భయపడిన మనిషి, చివరికి తనే నీళ్లు మోసుకొచ్చి పోసింది. ఆ రోజే కార్డు మార్పించాడు మావాడు. ఇప్పుడు దాని మీద తండ్రి పేరు ముందు, కొడుకు పేరు తర్వాత. ఇంగ్లీషు కార్డులోకి కూడా 'మాదిగ' వచ్చింది.

ఈలోగా ఒకాయన బొక్కెన కొంటానన్నాడు. మొయినాబాద్ వైపు ఫామ్ హౌస్ ఉందట, పాత ఊరు లాగా కట్టిస్తున్నాడట, వరండాలో వేలాడదీస్తాడట. మంచి ధర చెప్పాడు, వాళ్ల ఇంటి అప్పు తీరేంత. కార్డు మాత్రం వద్దట, బొక్కెన చాలట. "మేడం, ఏం చెప్పాలె?" అని మావాడు అడిగాడు. అమ్ముకో అన్నాను. చేతిపనిని అమ్ముకోవడంలో తప్పు లేదు, ఆకలికి గౌరవం పేరు చెప్పి నేను ఉపన్యాసం ఇవ్వను. కానీ తోలు లోపలి వైపు, నీళ్లు తగిలే చోట, ఆ రెండు పేర్లూ, ఆ ఒక్క మాటా ఆరెతో కుట్టి అమ్మమన్నాను. చింపితే తప్ప పోకుండా. వాళ్ల నాయిన సరేనన్నాడు. కొనేవాడి జవాబు ఇంకా రాలేదు.

రెట్రో నైట్లు బంద్ పెట్టమని నేను అడగడం లేదు. సెల్లార్లలో బొమ్మలు పెట్టొద్దనీ అనను. ఇంకా పెట్టండి, మా పిల్లలవి పెట్టండి. బంజారాహిల్స్ లోనే 2010 నుంచి లామకాన్ నడుస్తోంది, చెప్పులతో పోయి చాయ్ తాగుతూ నాటకం చూసి రావచ్చు. అంటే ఈ నగరానికి చేతకాని పనేమీ కాదిది. గోడ మీద డప్పు పెడితే వారానికోసారి దించి కాచి కొట్టేవాణ్ని పిలవండి, జీతమివ్వండి. బొక్కెన వేలాడదీస్తే కుట్టినవాడి పేరు రాయండి. తెర మీద 1985 అని వేసినప్పుడు పాటతో పాటు ఆ ఊరి పేరు కూడా గుర్తుంచుకోండి. పాత రోజులు మీకు కావాలంటే తీసుకోండి, మొత్తంగా తీసుకోండి.

వచ్చే ఆదివారం డప్పు గురించే రాస్తాను. మీ ఊళ్లో డప్పు కొట్టే పెద్దలు ఏ దరువును ఏ పేరుతో పిలుస్తారో ఈలోపు వాళ్ల దగ్గర కూర్చుని అడగండి. వాళ్లున్నప్పుడే అడగండి.

జై భీమ్.